జాడ పట్టారు, దాచకుండా చెప్పారు

2006 డిసెంబరు. లిబియాలో ఆరుగురు విదేశీయులు తీర్పు కోసం జైల్లో ఎదురుచూస్తున్నారు. వారిలో ఐదుగురు బల్గేరియా నర్సులు, ఒకరు పాలస్తీనా వైద్యుడు. బెంఘాజీ నగరంలోని అల్ ఫతే పిల్లల ఆసుపత్రిలో నాలుగు వందల మందికి పైగా పిల్లల ఒంట్లోకి కావాలనే హెచ్‌ఐవీ ఎక్కించారన్నది వారి మీద మోపిన నేరం. 1999లో అరెస్టు చేశారు. 2004 మేలో మరణశిక్ష వేశారు. పై కోర్టు మళ్లీ విచారించమనడంతో కేసు రెండోసారి మొదలైంది.

ఆ నెల 6న ‘నేచర్’ పత్రిక రెండు పేజీల పరిశోధన వ్యాసం ఒకటి బయటపెట్టింది. చికిత్స కోసం యూరప్ వెళ్లిన లిబియా పిల్లల రక్తంలోని వైరస్‌ల జన్యుక్రమాన్ని అందులో విశ్లేషించారు. ఆ వైద్య సిబ్బంది బెంఘాజీలో పనిలో చేరింది 1998 మార్చిలో. పిల్లల్లో దొరికిన వైరస్ మాత్రం అంతకు ముందు నుంచే ఆ ఆసుపత్రిలో ఒకరి నుంచి ఒకరికి పాకుతోందని లెక్కలు తేల్చాయి. అది పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే రకం హెచ్‌ఐవీ. పైగా పిల్లల్లో చాలామందికి హెపటైటిస్-సి కూడా సోకి ఉంది. ఆ వైరస్‌లూ పాతవే, ఒక రకానివి కూడా కావు. అంటే ఎవరో ఒకరోజు పూనుకుని చేసిన కుట్ర కాదిది. సూదులు, పరికరాలు శుభ్రంగా వాడని చోట ఏళ్ల తరబడి జరిగిన అనర్థం.

ఆ వ్యాసంలో మొదటి పేరు టూలియో డి ఒలివేరా. బ్రెజిల్‌లో పుట్టి, 1997లో దక్షిణాఫ్రికా చేరి, అక్కడే డాక్టరేట్ చేసి, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో పరిశోధనకు వెళ్లిన యువ శాస్త్రవేత్త.

లిబియా కోర్టు ఆ సాక్ష్యాన్ని లెక్కచేయలేదు. డిసెంబరు 19న ఆరుగురికీ మళ్లీ మరణశిక్షే వేసింది. కానీ అప్పటికే 114 మంది నోబెల్ గ్రహీతలు శాస్త్రీయ ఆధారాలను వినాలని బహిరంగ లేఖ రాసి ఉన్నారు. ఈ వ్యాసంతో ఆ గొంతుకు బలం వచ్చింది. నెలల తరబడి సాగిన రాయబారాల తర్వాత 2007 జులై 24న ఆరుగురూ ప్రాణాలతో బల్గేరియా రాజధాని సోఫియాలో విమానం దిగారు.

వైరస్ జన్యువుల్ని చదివితే అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, ఎటు పోతోందో చెప్పొచ్చు. ఒలివేరా తన వృత్తి జీవితమంతా చేసిన పని ఇదే. ఆ పనికి ఎంత శక్తి ఉందో, దాని ఫలితాలను బయటపెట్టినవారికి ఎంత మూల్యం తప్పదో కూడా ఆయన ప్రయాణం చూపిస్తుంది.

తప్పుల్ని బట్టి వంశవృక్షం

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు తాటాకుల మీద చేతిరాతగా ఒకరి నుంచి ఒకరికి చేరేవి. రాసేవాడు ఒకచోట ఒక అక్షరం మార్చి రాస్తే, ఆ ప్రతిని చూసి రాసుకున్న అందరి దగ్గరా అదే తప్పు కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి వాటిని పోల్చి చూసేలా చేశాడు. ఏ తప్పు ఏయే ప్రతుల్లో ఉందో గమనిస్తే ఏది దేనికి నకలో పట్టుకోవచ్చు. వైరస్‌లతో శాస్త్రవేత్తలు చేసేదీ ఇలాంటి పనే.

కరోనా వైరస్ జన్యుపదార్థంలో దాదాపు 30 వేల అక్షరాలుంటాయి. హెచ్‌ఐవీలో పది వేల లోపే. వైరస్ మన కణంలోకి దూరి తన నకళ్లు తీసుకునేటప్పుడు అక్కడక్కడా అక్షరం మారుతుంది. దాన్నే మ్యుటేషన్ అంటాం. మనిషి నుంచి మనిషికి పాకుతూ పోయే క్రమంలో కరోనా వైరస్‌లో సగటున నెలకు రెండు మార్పులు నిలిచిపోతుంటాయి. వాటిలో ఎక్కువ భాగం వైరస్‌కు లాభమూ చేయవు, నష్టమూ చేయవు. శాస్త్రవేత్తలకు మాత్రం అవే ఆనవాళ్లు. ఇద్దరు రోగుల్లోని వైరస్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే వారి మధ్య గొలుసు చాలా పొట్టిది. ఇరవై తేడాలుంటే ఆ రెండూ నెలల కిందటే విడిపోయిన శాఖలు.

మార్పులు ఇంచుమించు ఒకే వేగంతో చేరుతూ ఉంటాయి కాబట్టి వాటిని లెక్కపెట్టి కాలం కూడా చెప్పొచ్చు. బెంఘాజీ కేసులో వాడిన ఆధారం ఇదే. పిల్లల్లోని వైరస్‌ల మధ్య పోగైన తేడాలు నర్సులు వచ్చాక గడిచిన కొద్దికాలంలో రాగలిగినవి కావు.

ఈ పనికి రక్తం లేదా ముక్కులోంచి తీసిన నమూనా కావాలి. అందులోంచి వైరస్ జన్యుపదార్థాన్ని వేరుచేసి, ప్రతులు పెంచి, సీక్వెన్సర్ అనే యంత్రంలో పెడతారు. అది చదివిన ముక్కల్ని కంప్యూటర్ వరుసగా పేర్చి పూర్తి జీనోమ్ తయారుచేస్తుంది. ఒకప్పుడు గదులు నిండే యంత్రాలు చేసిన పనిని ఇప్పుడు అరచేతిలో పట్టే పరికరం కూడా చేస్తోంది. 2015లో ఎబోలా వ్యాపించినప్పుడు పశ్చిమ ఆఫ్రికాలోని గినీకి అలాంటి పరికరాలను సామానులో సర్దుకుని వెళ్లి, అక్కడికక్కడే వైరస్‌ను చదివారు. ఆ దశాబ్దంలో యంత్రం చౌకయింది. చదవగలిగిన మనుషులే కరవయ్యారు.

డర్బన్‌లో మొదలైన బడి

ఒలివేరా ఆ కరవు తీర్చే పనికి పూనుకున్నారు. రోగి వైరస్ జన్యుక్రమాన్ని కంప్యూటర్‌లో వేస్తే అది ఏ రకానిదో దానంతటదే చెప్పే సాఫ్ట్‌వేర్‌ను 2005లోనే సహచరులతో కలిసి రూపొందించారు. డబ్బున్న ల్యాబులకే పరిమితమైన విశ్లేషణ దానితో ఎవరికైనా అందింది. తర్వాత దక్షిణాఫ్రికా తిరిగివచ్చి క్వాజులు-నాటల్ రాష్ట్రంలో పని మొదలుపెట్టారు. 2017లో ఆ రాష్ట్రపు పెద్ద నగరం డర్బన్‌లో ‘క్రిస్ప్’ అనే జన్యు పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు.

డర్బన్ మనకు పరాయి ఊరేమీ కాదు. చెరకు తోటల్లో కూలి పనికి 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగువారి వారసులు ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నదీ ఆ దేశంలోనే. అదే క్వాజులు-నాటల్ ప్రపంచంలో హెచ్‌ఐవీ అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. అక్కడ చాలాకాలంగా ఒక చిక్కుముడి ఉండేది. పాతికేళ్లలోపు అమ్మాయిల్లో హెచ్‌ఐవీ ఎక్కువ, అదే వయసు అబ్బాయిల్లో తక్కువ. మరి ఈ అమ్మాయిలకు ఎవరి నుంచి సోకుతోంది?

అంటువ్యాధుల శాస్త్రవేత్త క్వరైషా అబ్దుల్ కరీం తదితరులతో కలిసి ఒలివేరా చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. 2014-15లో 9,812 మందిని పరీక్షిస్తే 3,969 మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. 25 ఏళ్లలోపు మహిళల్లో 22.3 శాతం, అదే వయసు మగవారిలో 7.6 శాతం. రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్న 1,589 మంది నుంచి జన్యుక్రమాలు తీసి, ఎవరి వైరస్ ఎవరి వైరస్‌కు దగ్గరగా ఉందో పోల్చారు.

ముడి విడిపోయింది. పాతికేళ్లలోపు అమ్మాయిలకు హెచ్‌ఐవీ ఎక్కువగా 25 నుంచి 40 ఏళ్ల మధ్య మగవారి నుంచి వస్తోంది. ఇద్దరి మధ్య సగటు వయసు తేడా 8.7 ఏళ్లు. ఆ మగవారికేమో తమ ఈడు మహిళల నుంచి సోకుతోంది. ఈనాటి అమ్మాయి పదేళ్ల తర్వాత ఆ ఈడుకు చేరుతుంది. చక్రం మళ్లీ తిరుగుతుంది.

అమ్మాయిలకు జాగ్రత్తలు చెబితే సరిపోతుందనుకునే ఆలోచన దీనితో మారింది. ఆ వయసు మగవారిని వెతికి పరీక్షించి మందులు వాడిస్తే చక్రం తెగుతుంది. ఎందుకంటే మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. అధ్యయనంలో పాల్గొన్న వారి పేర్లు బయటికి రానివ్వలేదు. రావాల్సిన అవసరమూ లేదు. రెండు వైరస్‌లు దగ్గరివని చెప్పగలరు గానీ ఫలానా మనిషి ఫలానా మనిషికి అంటించాడని జన్యుక్రమం ఒక్కటే రుజువు చేయలేదు. మధ్యలో మూడో మనిషి ఉండవచ్చు. ఈ శాస్త్రాన్ని వేలెత్తి చూపడానికి వాడకూడదని అందులో పనిచేసేవారు పదే పదే చెప్పేది అందుకే.

ఒక ఆసుపత్రి, ఒకే వైరస్

2020 మార్చి 5న దక్షిణాఫ్రికాలో మొదటి కరోనా కేసు బయటపడింది. అదీ క్వాజులు-నాటల్‌లోనే. కొద్ది వారాల్లోనే డర్బన్‌లోని సెయింట్ అగస్టీన్స్ ఆసుపత్రిలో కేసులు కుప్పలుగా రాసాగాయి. ఏప్రిల్ నెలాఖరుకు 39 మంది రోగులకు, 80 మంది సిబ్బందికి వైరస్ సోకింది. 15 మంది రోగులు చనిపోయారు.

బయటి నుంచి వచ్చినవారు ఎవరికి వారే తెచ్చారా, లేక లోపలే పాకిందా? రిచర్డ్ లెసెల్స్ అనే అంటువ్యాధుల వైద్యుడు, ఒలివేరా, వారి సహచరులు విచారణ చేపట్టారు. ఏ రోగి ఏ వార్డులో ఏ మంచం మీద ఎన్ని రోజులున్నాడో రికార్డులు తిరగేశారు. వైరస్‌ల జన్యుక్రమాలు తీశారు. అవన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. మార్చి మొదట్లో ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన ఒక రోగి ద్వారా ఒక్కసారే లోపలికి వచ్చిన వైరస్, రోగుల్ని ఒక వార్డు నుంచి మరో వార్డుకు మారుస్తుంటే వారితో పాటే తిరిగింది. ఆ భవనం దాటి ఒక వృద్ధాశ్రమానికీ, డయాలిసిస్ కేంద్రానికీ చేరింది.

నివేదికను మే నెలలోనే అందరూ చదివేలా బయటపెట్టారు. వార్డుల మధ్య రోగుల్ని మార్చడం తగ్గించాలి, సిబ్బందికి క్రమం తప్పకుండా పరీక్షలు చేయాలి, చేతుల శుభ్రత చూడాలి, పడకల మధ్య దూరం పెంచాలి. అందులోని సూచనలు ఇలాంటివి. ఇవి ఖరీదైన పరిష్కారాలు కావు. అప్పటికి ప్రపంచమంతా ఆసుపత్రులు ఇవే ప్రశ్నలతో సతమతమవుతున్నాయి. డర్బన్ సమాధానం వారికీ పనికొచ్చింది.

2020 మధ్యలో దేశంలోని ల్యాబులన్నీ ఒక గొడుగు కిందికి వచ్చి సీక్వెన్సింగ్ నెట్‌వర్క్‌గా ఏర్పడ్డాయి. ప్రభుత్వ ల్యాబులు, విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు ల్యాబులు ఎవరి నమూనాలు వారు దాచుకోకుండా కలిసి చదవాలన్నది ఒప్పందం.

డాక్టర్ల అనుమానం, బీటా గుట్టు

ఆ నెట్‌వర్క్‌కు తొలి పరీక్ష ఆ ఏడాది చివర్లో ఎదురైంది. ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలోని నెల్సన్ మండేలా బే ప్రాంతంలో కేసులు అనూహ్యంగా పెరుగుతున్నాయని అక్కడి డాక్టర్లు గమనించారు. మొదటి అల తగ్గి ఎన్నాళ్లో కాలేదు. ఇంత తొందరగా ఇంత ఉధృతి ఎందుకో వారికి అంతుపట్టలేదు. నమూనాలు డర్బన్ చేరాయి. చదివితే వైరస్ ముళ్లలో, అంటే స్పైక్ ప్రొటీన్‌లో, ఒకేసారి ఎన్నో మార్పులు కనిపించాయి. వాటిలో మూడు మార్పులు మన కణాన్ని అంటిపెట్టుకునే భాగంలోనే ఉన్నాయి.

2020 డిసెంబరు 18న దక్షిణాఫ్రికా ఈ సంగతి ప్రకటించింది. అంతకు ముందే ఆ శాస్త్రవేత్తలు తమకు దొరికిన ఆధారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు, బ్రిటన్ పరిశోధకులకు తెలియజేశారు. బ్రిటన్‌లో అప్పుడే ఎగబాకుతున్న మరో వేరియంట్‌లోనూ ఆ మూడింటిలో ఒక మార్పు ఉంది. దక్షిణాఫ్రికాలో దొరికింది తర్వాత బీటా అయింది. బ్రిటన్‌లో దొరికింది ఆల్ఫా. బీటా గుట్టు విప్పిన పరిశోధన వ్యాసానికి మొదటి రచయిత హురియా టెగాలీ. మారిషస్ నుంచి డర్బన్ వచ్చి ఒలివేరా బృందంలో అప్పట్లో పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఆమె.

ఆ ఆవిష్కరణ టీకాల దారినే మార్చింది. 2021 ఫిబ్రవరి 1న పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన 10 లక్షల ఆస్ట్రాజెనెకా డోసులు జొహానెస్‌బర్గ్ చేరాయి. మన దగ్గర కొవిషీల్డ్ పేరుతో వేసిన టీకాయే అది. ఆరు రోజులకే, ఫిబ్రవరి 7న, ఆ టీకా కార్యక్రమాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రభుత్వం చెప్పింది. బీటా కారణంగా వచ్చే స్వల్ప, మధ్యస్థ స్థాయి జబ్బును ఆ టీకా పెద్దగా అడ్డుకోవడం లేదని అక్కడి ప్రయోగాల్లో తేలింది. ఆ నెల 17 నుంచి జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను వైద్య సిబ్బందికి వేయడం మొదలుపెట్టారు. ఎదురుగా ఉన్న వైరస్ ఏ రకానిదో తెలియకపోయి ఉంటే ఈ నిర్ణయానికి ఆధారమే ఉండేది కాదు.

నవంబరులో ఆ వారం

2021లో ఒలివేరా స్టెలెన్‌బాష్ యూనివర్సిటీలో ‘సెరి’ పేరుతో మరో పెద్ద కేంద్రం మొదలుపెట్టారు. అంటువ్యాధి తలెత్తిన వెంటనే స్పందించడం, అందుకు కావలసిన కొత్త పద్ధతుల్ని తయారుచేయడం దాని పని. అదే ఏడాది నవంబరులో దానికి చేతినిండా పని పడింది.

అప్పటికి దక్షిణాఫ్రికాలో డెల్టా అల చల్లబడి ఉంది. జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా నగరాలున్న గాటెంగ్ రాష్ట్రంలో మాత్రం కేసులు మెల్లగా పెరుగుతున్నాయి. పీసీఆర్ పరీక్షల్లోనూ ఒక వింత కనిపించింది. అక్కడ వాడే ఒక కిట్ వైరస్‌లో మూడు చోట్ల వెతుకుతుంది. రెండు చోట్ల దొరికి, స్పైక్ జన్యువు దగ్గర మాత్రం ఏమీ దొరకని శాంపిళ్లు ఎక్కువవుతున్నాయి. డెల్టాలో అలా జరగదు. అంటే ఇది డెల్టా కాదు.

నవంబరు 19, శుక్రవారం. జొహానెస్‌బర్గ్‌లోని ఒక ప్రైవేటు ల్యాబులో రాకెల్ వియానా అనే శాస్త్రవేత్త ఎనిమిది శాంపిళ్ల జన్యుక్రమం చూసి నివ్వెరపోయారు. ఎనిమిదింటిలోనూ స్పైక్ ప్రొటీన్ నిండా మార్పులే. తన పరీక్షలోనే ఏదో పొరపాటు జరిగిందేమోనని మొదట అనుమానించారు. వెంటనే జాతీయ అంటువ్యాధుల సంస్థలోని సహచరుణ్ని సంప్రదించారు. వారాంతంలో అక్కడ మరిన్ని శాంపిళ్లు చదివారు. ఫలితం అదే. ఇంచుమించు అదే సమయంలో పొరుగు దేశం బోట్స్‌వానాలో సిఖులీలే మోయో బృందం నవంబరు 11న తీసిన నమూనాల్లో ఇదే వైరస్‌ను చూసింది. నవంబరు 23న ఆ జన్యుక్రమాన్ని అందరికీ అందుబాటులో ఉండే డేటాబేస్‌లో పెట్టింది.

ఇక ఆలస్యం చేయలేదు. గాటెంగ్ నలుమూలల నుంచి నమూనాలు రప్పించి రాత్రింబవళ్లు చదివారు. నవంబరు 25న ఒలివేరా ఆరోగ్య మంత్రితో కలిసి పత్రికల ముందుకు వచ్చారు. గాటెంగ్‌లో 77, బోట్స్‌వానాలో 4, దక్షిణాఫ్రికా నుంచి వెళ్లిన ప్రయాణికుడి ద్వారా హాంకాంగ్‌లో 1. అప్పటికి తేలిన కేసులు ఇవి. స్పైక్‌లోనే 30కి పైగా మార్పులున్నాయని, వేగంగా వ్యాపించే సూచనలున్నాయని చెప్పారు. తెలియని సంగతుల్ని కూడా తెలియవనే చెప్పారు. జబ్బు తీవ్రత ఎంతో జన్యుక్రమం చూసి చెప్పలేరు. దానికి ఆసుపత్రుల లెక్కలు రావాలి. మరునాడే, నవంబరు 26న, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టి ఆందోళనకర వేరియంట్ల జాబితాలో చేర్చింది.

వియానా శాంపిళ్లు చూసినప్పటి నుంచి వారం తిరిగేలోపు ప్రపంచం మొత్తానికీ హెచ్చరిక అందింది. ప్రయోగశాలలు యాంటీబాడీ పరీక్షలు మొదలుపెట్టాయి. టీకా కంపెనీలు కొత్త వేరియంట్‌కు తగ్గ టీకాల పనిలో పడ్డాయి. అప్పటికి అన్ని దేశాలకూ దొరికిన ఆ కాస్త వ్యవధి దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా ఇచ్చిందే.

చెప్పినందుకు శిక్ష

ఆ రెండు దేశాలకు ప్రతిఫలంగా దక్కింది విమానాల నిషేధం.

ప్రకటన వెలువడిన రోజే బ్రిటన్ ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోని ఆరు దేశాల నుంచి విమానాల్ని ఆపుతున్నట్టు చెప్పింది. యూరప్ దేశాలు, అమెరికా అదే దారి పట్టాయి. పర్యాటకం మీద బతికే ప్రాంతానికి అది పండగల సీజన్. హోటళ్ల బుకింగులు రద్దయ్యాయి. దేశాధ్యక్షుడు సిరిల్ రమఫోసా నవంబరు 28న జాతినుద్దేశించి మాట్లాడుతూ ఈ ఆంక్షలకు ఎలాంటి న్యాయమూ లేదన్నారు.

ఆంక్షల దెబ్బ ల్యాబులకూ తగిలింది. సీక్వెన్సింగ్‌కు కావలసిన రీజెంట్లు అనే రసాయనాలు విదేశాల నుంచి విమానాల్లోనే రావాలి. విమానాలు ఆగిపోతే కొద్ది రోజుల్లో తమ దగ్గర అవి నిండుకుంటాయని ఒలివేరా బహిరంగంగా హెచ్చరించారు. కొత్త వైరస్ గురించి ప్రపంచం సమాధానం ఆశిస్తున్న ల్యాబులకే సరుకు అందకుండా పోయే పరిస్థితి. ఆయనతో పాటు మరికొందరు శాస్త్రవేత్తలకు బెదిరింపులు కూడా వచ్చాయి.

నిషేధం వల్ల వైరస్ ఆగిందా అంటే ఆగలేదు. నెదర్లాండ్స్ తన పాత నమూనాలు తిరగేస్తే నవంబరు 19, 23 తేదీల్లో తీసిన వాటిలోనే ఒమిక్రాన్ ఉంది. అంటే ప్రకటనకు ముందే అది యూరప్‌లో ఉంది. మన దేశంలో మొదటి రెండు కేసులు డిసెంబరు 2న బెంగళూరులో బయటపడ్డాయి. వాటిలో ఒకరు ఏ విదేశానికీ వెళ్లిరాని స్థానిక డాక్టరు. బ్రిటన్ డిసెంబరు 15న, అమెరికా ఆ నెలాఖరున ఆఫ్రికా దేశాల మీద ఆంక్షలు ఎత్తేశాయి. అప్పటికి ఒమిక్రాన్ ఆ రెండు దేశాల్లోనూ సొంతంగానే విస్తరిస్తోంది.

‘ఏపీ స్ట్రెయిన్’ అన్న మచ్చ

ఈ అన్యాయం తెలుగువారికి కొత్త కాదు. ఒమిక్రాన్‌కు ఆరు నెలల ముందు మనమూ దీన్ని రుచి చూశాం.

2021 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో రెండో అల దేశాన్ని కుదిపేస్తున్నప్పుడు ‘ఏపీ స్ట్రెయిన్’, ‘విశాఖ వేరియంట్’ అనే మాటలు టీవీల్లో మార్మోగాయి. 2020లోనే ఆంధ్రప్రదేశ్ శాంపిళ్లలో కనిపించిన ఎన్440కె అనే మార్పు గురించి ఆ గోలంతా. ల్యాబులో పెంచిన కణాల మీద చేసిన ఒక ప్రయోగాన్ని పట్టుకుని, ఇది వెయ్యి రెట్లు ప్రమాదకరమని వార్తలు చుట్టేశాయి. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే వారికి 14 రోజుల క్వారంటైన్ తప్పనిసరి చేసింది.

ఆ గోలకు అడ్డుకట్ట వేసింది కూడా జన్యుక్రమాలే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అప్పటికే దక్షిణాది రాష్ట్రాల శాంపిళ్లు వరుసగా చదువుతూ వచ్చారు. ఎన్440కె ఉన్న వైరస్ ఎదగడం లేదని, తగ్గిపోతోందని, దాని స్థానాన్ని బి.1.617 కుటుంబం ఆక్రమిస్తోందని వారి లెక్కలు స్పష్టంగా చెప్పాయి. ఆ కుటుంబంలోనిదే తర్వాత డెల్టాగా పేరుపడింది. ఆంధ్రలో వ్యాపిస్తున్నదీ ఢిల్లీలో వ్యాపిస్తున్నదీ ఒకటే.

ఊళ్ల పేర్లతో, దేశాల పేర్లతో వేరియంట్లను పిలవడం వల్ల జరుగుతున్న ఈ కీడును చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న గ్రీకు అక్షరాల పేర్లు తెచ్చింది. అప్పటిదాకా ‘దక్షిణాఫ్రికా వేరియంట్’గా చలామణి అయినది బీటా అయింది.

మన దగ్గర ఈ పనికి పునాది లేకపోలేదు. 2020 డిసెంబరులో పది ల్యాబులతో మొదలైన ఇన్సాకాగ్ అనే జాతీయ కూటమిలో హైదరాబాద్ సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ ఉన్నాయి. అంతకు ముందే, 2020 ఆగస్టులో, సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు కొలిచి నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. అధికారిక కేసుల సంఖ్య అప్పుడు అందులో చిన్న భాగమే.

సొంత ల్యాబు ఉంటేనే

ఒలివేరా కథలో ఆయన ఒక్కరినే చూస్తే సగమే చూసినట్టు. బీటాను కనిపెట్టడానికి అనుమానించిన డాక్టర్లు కావాలి. ఒమిక్రాన్‌ను పట్టడానికి వింత ఫలితాన్ని పక్కన పడేయని ల్యాబు సిబ్బంది కావాలి. నమూనా అందిన రోజే చదివే యంత్రం, దాన్ని విశ్లేషించే కుర్రకారు కావాలి. దక్షిణాఫ్రికాలో ఇవన్నీ హెచ్‌ఐవీ, క్షయలతో ఏళ్ల తరబడి పోరాడిన అనుభవంలోంచి వచ్చాయి. కరోనా వచ్చాక అప్పటికప్పుడు కట్టినవి కావు.

అందుకే ఆయన శిక్షణను పరిశోధనతో సమానంగా చూస్తారు. ఆఫ్రికా నలుమూలల నుంచి యువ శాస్త్రవేత్తల్ని తన కేంద్రాలకు రప్పించి, వారి దేశపు నమూనాల మీదే పని నేర్పి పంపుతున్నారు. 2022లో టెగాలీ ముందుండి రాసిన ఒక పత్రం ఆఫ్రికా ఖండం నుంచి లక్ష కరోనా జీనోమ్‌లు పూర్తయిన సంగతిని లెక్కలతో చూపింది. ఆ లోపు సొంతంగా సీక్వెన్సింగ్ చేసుకోగల ఆఫ్రికా దేశాలు పెరిగాయి. శాంపిళ్లను విదేశాలకు పంపి నెలల తరబడి ఎదురుచూడటం తగ్గింది. ఇప్పుడు ఆయన బృందం చూపు వాతావరణ మార్పుతో విస్తరిస్తున్న డెంగీ, చికున్‌గున్యా వంటి జబ్బుల మీదికీ మళ్లింది. ప్రతి వానాకాలం డెంగీతో ఆసుపత్రులు నిండే మనకు ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అసలు సమస్య ఇంకా మిగిలే ఉంది. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. వైరస్ నమూనాలను, జన్యుక్రమాలను పంచుకున్న దేశాలకు వాటి ఆధారంగా తయారైన టీకాలు, మందులు ఎలా అందాలన్న అనుబంధాన్ని మాత్రం అప్పుడు తేల్చలేదు. తర్వాతి చర్చలకు వదిలేశారు. ఒమిక్రాన్ నాటి అన్యాయం మళ్లీ జరగకుండా ఆపగలిగేది ఆ అనుబంధమే. దాచిపెట్టిన దేశం లాభపడి, చెప్పిన దేశం నష్టపోయే పద్ధతి కొనసాగితే రేపటి వైరస్ గురించి ఎవరూ తొందరపడి చెప్పరు.

మన ప్రభుత్వాలు చేయగలిగింది కూడా ఉంది. మహమ్మారి లేని రోజుల్లోనూ జిల్లా ఆసుపత్రుల నుంచి సీక్వెన్సింగ్ ల్యాబుల దాకా నమూనాలు క్రమం తప్పకుండా అందే ఏర్పాటు నడిపించాలి. అందులో పనిచేసే యువతకు తాత్కాలిక కాంట్రాక్టులు కాకుండా నిలకడైన ఉద్యోగాలివ్వాలి. వచ్చిన ఫలితాలను వెంటనే ప్రజల ముందుంచాలి. ఈ మూడింటికీ బడ్జెట్‌లో చోటు అడగాల్సిన బాధ్యత మనదే.